షీట్ల కింద నాలుగు పాదాలు

వారం రోజులైంది ఇచ్చాయా, ఈ నడుం పట్టు వదలదు, పెళ్ళైన నాటినుంచి మిమ్మల్ని ఇచ్చాయా అని పిలిచే అలవాటులాగే. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. అందుకే ఈ శుక్రవారం మీ సమాధి మీద ఆకులు నిలబడే ఊడుస్తున్నాను. మూలల్లో నాలుగు మిగిలిపోతే ఏమనుకోకండి.

ఎందుకు పట్టేసిందంటారా? రబ్బరు షీట్లు ఆరబెట్టే మన పొగగదిలో నేల మీద బోర్లా పడుకున్నాను. అరవై ఏడేళ్ళ మనిషిని. నైటీ అంతా మసి, మోచేతులు రెండూ దోక్కుపోయాయి.

పడిపోలేదు. కావాలనే పడుకున్నాను. సినిమా కోసం.

నవ్వితే చెప్పను. నవ్వరు కదా? సరే, వినండి.

మన కిందింటి సన్నీ మనవరాలు గుర్తుందా, జిస్మి? పళ్ళకి కమ్మీలు కట్టించుకుని తిరిగేది. మీరు పోయేనాటికి ఎనిమిదో క్లాసు. ఇప్పుడు కాలేజీలో సినిమా చదువు చదువుతోంది. చదువు చివర్లో పది నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలట. ఇది థ్రిల్లర్ తీస్తానని కూర్చుంది. ఒకరోజు పొద్దున్నే తోటి విద్యార్థిని వెంటబెట్టుకుని వచ్చి, "అమ్మచ్చీ, మీ పొగగది రెండు రోజులు ఇస్తారా" అంది.

వాడి పేరు అన్సార్. ఈరాట్టుపేట కుర్రాడు. కెమెరా బాధ్యత వాడిదే. గడ్డం సగమే వచ్చింది గానీ గర్వం మాత్రం పూర్తిగా వచ్చేసింది.

గదినిండా రబ్బరు షీట్లు ఆరేసి ఉన్నాయమ్మా అన్నాను. అవి ఉంటేనే కావాలట. కథేమిటంటే, కనబడకుండా పోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఒక పిల్ల పొగగదిలోకి వస్తుంది. చంపేవాడు అప్పటికే లోపల ఉంటాడు. అంతే. ఇంటికొచ్చి అడిగిన పిల్లల్ని కాదనగలనా?

కూర్చోబెట్టి కర్రపెండలం, ఎర్ర చేపల పులుసు పెట్టాను. పళ్ళెం పక్కనే కాగితాలు పరిచింది జిస్మి. కాగితాల నిండా గళ్ళు, గడికో బొమ్మ. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎటునుంచి చూడాలి అన్నీ బొమ్మలేనట. నలభై రెండు గళ్ళు. ఆ ప్లాను వాళ్ళ ప్రొఫెసరు అప్పటికి రెండుసార్లు తిప్పికొట్టాడు. రెండోసారి ఎర్ర సిరాతో 'పెళ్ళి వీడియోలా ఉంది' అని రాశాడు. సోమవారానికల్లా తీసిన సినిమా ఇచ్చేయాలి. ఈసారీ నచ్చకపోతే పిల్లకి ఏడాది పోతుంది. చెబుతూ చెబుతూ ముద్ద నోట్లో పెట్టుకోలేక తల దించుకుంది.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. మొదటి గడిలో చంపేవాడి మొహం. రెండో గడిలో కత్తి. మూడో గడిలో పిల్ల కేక.

"మొదటి గడిలోనే వాణ్ణి చూపించేస్తే మిగతా నలభై ఒకటీ ఎందుకమ్మాయ్?" అన్నాను.

అన్సార్ చేయి కడుక్కోవడం ఆపి నాకేసి తిరిగాడు. "అమ్మచ్చీ, ఇది థ్రిల్లర్. మీరు చూసే సీరియల్ కాదు."

వాడి పళ్ళెంలో ఇంకో చేపముక్క వేశాను. మళ్ళీ కూర్చుని తిన్నాడు.

తిన్నాక ఇద్దర్నీ పొగగదికి తీసుకెళ్ళాను. ఆ గది సంగతి నాకంటే ఎవరికి తెలుసు ఇచ్చాయా? మీరు మన ఫొటో స్టూడియోకి వెళ్ళిపోతే ముప్పై ఏళ్ళు పొద్దున్నే అక్కడ పొగ పెట్టింది నేను. పొయ్యి ముందు గొంతుక్కూర్చుంటే పైన వేలాడే షీట్ల కింద ఏం కనబడుతుంది? వచ్చేవాళ్ళ పాదాలు. మొహాలు కనబడవు. రబ్బరు చెట్లకి గీత కోసే పప్పన్ వచ్చాడా, పాలవాడు వచ్చాడా, మీరు చెప్పుల్లేకుండా వచ్చారా, అన్నీ పాదాలు చూసే చెప్పేదాన్ని. ఎవరివో తెలియని పాదాలు కనబడితే మాత్రం గుండె ఒక్కసారి జారేది.

"ఇక్కడ కూర్చుని చూడండి" అన్నాను. కూర్చున్నారు. నేను అటువైపుకి వెళ్ళి షీట్ల వరసల వెనక మెల్లిగా నడిచాను. బయటికి వచ్చేసరికి జిస్మి నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రమంతా ప్లానే. బిస్కెట్ల అట్టపెట్టెకి చాకుతో కన్నం కోసి, అందులోంచి చూస్తూ గదంతా తిరిగాను. ఇక్కడినుంచి చూస్తే పిల్ల చిన్నదైపోతుంది, ఇక్కడినుంచైతే షీట్లు మీద పడేలా ఉన్నాయి, ఇదిగో వీపు వెనకనుంచి తీస్తే చూసేవాడికి తనే వెనక్కి తిరిగి చూసుకోవాలనిపిస్తుంది. నేను చెబుతుంటే జిస్మి గీస్తోంది. నలభై రెండు గళ్ళు పదకొండుకి వచ్చాయి. చంపేవాడి మొహం ఎక్కడా లేదు. అన్సార్ గుమ్మానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైన గడి ఏడోది. షీట్ల కింద పిల్ల పాదాలు రెండే కనబడతాయి. నడుస్తాయి, ఆగుతాయి. అప్పుడు మూడు వరసల వెనక ఇంకో రెండు పాదాలు. అవీ ఆగుతాయి. ఒక్క మాట లేదు, కత్తి లేదు.

దానికి వెలుగు కావాలి కదా. కప్పులో మీరు వేయించిన అద్దం పెంకు ఉందే, పదిన్నరకి దానిలోంచి ఎండ సూటిగా నేల మీద పడుతుంది. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత గోడెక్కిపోతుంది. అది కూడా కాగితం మీద రాయించాను.

శనివారం వచ్చారు. అద్దె కెమెరా. చంపేవాడి వేషానికి టిబిన్ అని జిస్మి మేనమామ కొడుకు. మనిషి ఆరడుగులు గానీ పాదాలు చూస్తే ఇప్పుడే సబ్బుతో కడిగిన పసిపిల్లాడివిలా ఉన్నాయి. ఆ పాదాలు చూసి ఎవడు భయపడతాడు? పొయ్యిలో బూడిద తీసి కింద పోసి, అందులో నాలుగుసార్లు తొక్కించాను. పాపం, ఏమీ అనలేదు.

వెతుక్కుంటూ వచ్చే పిల్ల వేషం జిస్మిదే. అంటే కెమెరా వెనక ఉండేది అన్సార్ ఒక్కడు. వాడు మూడు కాళ్ళ స్టాండు నడుము ఎత్తులో నిలబెట్టాడు. కిందికి దించు నాయనా అన్నాను. ఇంతకంటే దిగదు అన్నాడు. అయితే నువ్వే కింద పడుకో అన్నాను. అద్దె కెమెరా, మసి పడితే ఎవరు జవాబు చెబుతారు, ఇలాగే తీసి తర్వాత కంప్యూటర్లో సరిచేసుకుందాం అన్నాడు. జిస్మి అటు చివర నిలబడి ఉంది, దానికి ఇవేవీ వినబడవు. రెండుసార్లు నడిచింది. రెండుసార్లూ నేను వాడి భుజం మీదుగా బుల్లి తెరలోకి చూశాను. షీట్లు తప్ప ఏమీ లేవు.

ఎండ అప్పటికే జరుగుతోంది. గోడకి జానెడు దూరంలో ఉంది.

"ఇలా ఇవ్వు" అన్నాను.

ఎందుకిచ్చాడో తెలియదు. నా గొంతులో ఏం వినబడిందో మరి. కెమెరా చేతిలోకి రాగానే బోర్లా పడుకున్నాను. మోచేతులు నేలకి ఆనించి, గడ్డం నేలకి ఆనించి, జిస్మిని నడవమన్నాను. పాదాలు వచ్చాయి. ఎండలోకి వచ్చి ఆగాయి. నేను ఊపిరి బిగబట్టి లోపలే మూడు లెక్కపెట్టాను. అప్పుడు వెనకాల బూడిద పాదాలు, మెల్లిగా, ముందు మడమ, తర్వాత వేళ్ళు. చెయ్యి వణకలేదు ఇచ్చాయా. టీ గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి.

ఒక్కసారే తీశాం. రెండోసారి తీద్దామంటే ఎండ గోడెక్కేసింది.

నన్ను లేవదీయడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. అన్సార్ ఆ ముక్క మూడుసార్లు వేసి చూసుకున్నాడు. తర్వాత వచ్చి నా ముందు నేల మీదే కూర్చున్నాడు, మసి అంటుతుందని చూసుకోకుండా.

"అమ్మచ్చీ, నిజం చెప్పండి. మీరు ఇంతకుముందు కెమెరా పట్టుకున్నారు."

లేదు నాయనా అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్ళ అలవాటు అది. స్టూడియోలో ఫిలిం కడిగింది నేనైనా, నెగటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు దిద్దింది నేనైనా, ఎవరైనా అడిగితే నాకేం తెలుసండీ, అంతా ఆయనే అనేదాన్ని. ఆడమనిషి ఫొటోలు తీస్తుందని తెలిస్తే పెళ్ళి ఫొటోల బేరాలు రావని మీరు అన్నారు. నిజమే కావచ్చు.

కానీ ఈసారి ఆ మాట రాలేదు. చెప్పేశాను.

వరద ఫొటో సంగతి చెప్పేశాను ఇచ్చాయా.

వంతెన మునిగిన రోజు మీరు జ్వరంతో మంచం దిగలేదు. నేను మీ కెమెరా కొంగులో చుట్టుకుని చర్చి మేడ ఎక్కాను. పడవలో పెళ్ళికూతురు, నెత్తిన గొడుగు, ఒళ్ళో మేకపిల్ల. పేపర్లో మొదటి పేజీలో వేశారు. కింద మీ పేరు. కోట్టయంలో సభ పెట్టి మీకు షీల్డు ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో హల్వా పొట్లం నా ఒళ్ళో పెట్టి, "నువ్వూ నేనూ ఒకటే కదా ఏలీ" అన్నారు. నేను ఔనన్నాను. ఔననే అనుకున్నాను.

పిల్లలు సినిమా ఇచ్చేశారు. ఆ ప్రొఫెసరు ఏడో గడి దగ్గర ఆపి, రెండోసారి వేయించుకుని చూశాడట. ఎవరు ప్లాను చేశారని అడిగాడట. జిస్మి గట్టెక్కింది. అంతకుముందు, సినిమా చివర పేర్లు వేసేటప్పుడు, మీ పేరు కలిపి 'చాండి స్టూడియో అమ్మచ్చి' అని వేద్దామా అని అడిగింది. వద్దన్నాను. షాట్ల ప్లాను, ఏలిక్కుట్టి. నా సొంత పేరు, అంతే వేయించాను. మీ పేరు ఎక్కడా లేదు.

కోపమొచ్చిందా? రానివ్వండి. ఒక మాట చెప్పనా, ఇది వాళ్ళకీ చెప్పలేదు. కోట్టయంలో ఆ రోజు షీల్డు చేతికిచ్చాక మైకు ముందు మీరు ఒక్క క్షణం ఆగారు. నాకేసి చూశారు. చెబుతారనే అనుకున్నాను. కొంగు సర్దుకుని కుర్చీలోంచి సగం లేచాను కూడా. మీరు అందరికీ వందనాలు చెప్పి దిగిపోయారు. పక్కనున్నావిడ ఏమైందని అడిగితే, కాలు తిమ్మిరెక్కిందన్నాను.

సరేలెండి. వచ్చే శుక్రవారం నాకోసం చూడకండి. అన్సార్ ఇంకో సినిమా మొదలుపెడుతున్నాడు, కెమెరా ఎక్కడ పెట్టాలో నన్ను చెప్పమన్నాడు.