బుధారం సూది

మానవపాడు దగ్గర ఒక ఊరు. మిట్టమధ్యాహ్నం. నందిని ఇంటి వాకిట్లో సర్వే కాగితాలు పట్టుకొని ఆశా కార్యకర్త వనజ నిలబడి ఉంది.

"ఇంటాయన పేరు చెప్పు."

"నీకు తెల్వదా అక్కా?"

"ఇంట్లోల్లు చెప్పిందే రాయాలె."

"ఆయన పేరు నేనెట్ల పలుకుత? నువ్వే రాసుకో. ఈ గల్లీ ఎప్పుడు మాలతక్క చేస్తది గద?"

"మాలతి సెలవుల ఉన్నది. బుధారానికి వస్తది. బాలస్వామి... రాసిన."

"ఎంత అల్కగ అన్నవక్కా."

"ఈ ఇంట్ల ఉన్నన్ని దినాలు నేను గూడ అనకపోతుంటి. ఇడాకులకు కోర్టు సుట్టు తిరిగినంక నోటికి అలవాటైంది. మరుగుదొడ్డి ఉన్నదా?"

"ఉన్నది. ఎనుక."

"సూడాలె."

"సూడు. తలుపు నూకు, వస్తది."

"టైల్సు గూడ ఏపిచ్చిండు."

"పెండ్లికి ముందే కట్టిచ్చిండు. దొడ్డి లేనింటికి పిల్లనియ్య అన్నది మా అమ్మ."

"మా అమ్మకు ఆ మాట రాకపాయె. చెంబు వట్కొని కందిచేన్లకు పోతుంటి. ఓ వానకాలం తేలు కుట్టింది. దొడ్డి కట్టియ్యమని అప్పుడు గూడ ఆయన్ని అడిగిన. 'మా అమ్మ పోతలేదా, నీకే సిగ్గొచ్చిందా' అన్నడు."

"నాకు తెల్వదక్కా."

"నీకెట్ల తెలుస్తది. ఇంట్ల అందరు వాడ్తరా?"

"అందరు వాడ్తరు."

"అత్త?"

"పొద్దుగాల అత్తనే ముందు."

"ముందా. చేన్ల గాలి ఒంటికి మంచిదంటుండె నాతోని."

"అది గూడ రాస్తవా?"

"రాయ. పాపకెన్ని నెలలు?"

"పది పడ్డయి. పండుకున్నది. లేపాల్నా?"

"వద్దు. జర దూరంకెల్లి సూసిన, సాలు. టీకాల కార్డియ్యి."

"కార్డు... యాడ పెట్టిన్నో."

"ఆ గూట్లున్నది అదే గద."

"అదే. తీస్కో."

"ఇదేంది? పుట్టినప్పుడు దవాఖానల ఏసినయి తప్ప ఒక్కటి లేదు. తట్టు టీకా గూడ టైం దాటింది. మాలతికి ఏం చెప్తున్నవ్?"

"అమ్మగారి ఊర్ల, తిమ్మాజిపేటల ఏపిస్తున్న అని."

"ఏపిచ్చినవా?"

"లే."

"జ్వరమొస్తదని బయమా?"

"కాదు."

"మరేంది? బుధారం బుధారం అంగన్‌వాడీకి సూదులేసే నర్సమ్మ వస్తది. నాలుగిండ్ల అవతలనే. మొన్న పక్కూర్ల ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది, ఎరుకేనా?"

"అత్త వద్దన్నది."

"ఎందుకు?"

"ఆడ నువ్వుంటవ్ గద. పిల్లలు కానామె కండ్లు పాప మీద పడొద్దన్నది."

"గట్లన్నదా. నువ్వు నమ్మినవా?"

"నమ్మలే. నాకు సాకు దొరికినట్టయింది."

"నీకు సాకెందుకు?"

"మొదటి బుధారం పాపను నేనే ఎత్తుకపోత అన్నడు ఆయన. పాపకు గుడ్డ మార్సుమంటె చేతగాదు ఆయనకు. తానం చేసి, ఇస్త్రీ అంగి తొడిగిండు. అద్దం ముందలికెల్లి కదలడు. సూదికి పోయేటోడు గట్ల తయారైతడా అక్కా?"

"ఏమో. నాకేం తెలుసు."

"నీకు తెలుసు. బువ్వ తినుకుంట, వనజ పప్పు గిట్ల చేస్తుండె అంటడు. ఆ అంగి సూసినంక నాకు కడుపుల మంట లేసింది. పాపకు ఒళ్లు ఎచ్చగున్నదని అబద్ధం చెప్పి ఆపిన. ఇగ బుధారం వస్తె సాలు, ఏదో ఒకటి చెప్పుకుంట వస్తున్న."

"నా మీది కోపం పాప మీద తీస్తవా?"

"తప్పే. తట్టు అంటివి గద, ఇగ ఆగ. ఈ బుధారం నేనే తీస్కవస్త."

"తీస్కరా. ఆ దినం నేను రాను. మాలతి ఉంటది."

"నువ్వెందుకు రావు? ఆయన బుద్ధి గట్లుంటె నువ్వేం చేస్తవక్కా. నీ మనసుల ఏం లేదు గద."

"లేదని నేననలే, నందినీ. నువ్వు ఆపిన బుధారాలన్ని నేను గూడ మంచి చీర కట్టుకొనే కూసున్న, ఆయన పాపను ఎత్తుకొని వస్తడేమో అని."