పదిమందిలో

2020 మే నెల, ఫిన్లాండ్‌లోని కౌహయోకి. డాన్సు మంటపాల్లో అకార్డియన్ వాయించి బతికే టెల్లెర్వో తన వంటింటి కిటికీ తెరిచి కూర్చుంది. అదే ఊళ్ళో వ్యవసాయం చేసే అన్న ఔలిస్, మహమ్మారి రోజులు గనుక, లోపలికి రాకుండా ముంగిట్లోనే నిలబడ్డాడు.

"...కొట్లో కౌంటరు దగ్గరావిడ అందరి ముందూ అడిగింది, మీ చెల్లెలు సర్కారు సొమ్ము మీద పడిందటగా అని. కొనబోయిన పాల డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేశాను."

"పాలు కొంటున్నావా? నీ ఆవులేమయ్యాయి?"

"ఆవుల్ని తీసేసి రెండేళ్ళయింది. మాట మార్చకు. నిజమా కాదా?"

"ఏది?"

"నిరుద్యోగ భృతి. తీసుకుంటున్నావా లేదా?"

"తీసుకుంటున్నాను. కాఫీ మెట్టు మీద పెట్టాను, చల్లారకముందే తాగు."

"కాఫీ సంగతి తర్వాత. మనింటా వంటా ఉందా ఇది? తాత, నాన్న, నేను... ఒక్కడైనా ఆ ఆఫీసు గడప తొక్కాడా?"

"ఇప్పుడు గడపేం లేదన్నయ్యా, అంతా కంప్యూటర్లోనే. చెయ్యి చాచక్కర్లేదు, వేలితో నొక్కితే చాలు."

"వెటకారమా?"

"మొదలుపెట్టింది నువ్వు."

"ఉద్యోగం ఊడినవాడికి ఆ డబ్బు ఇస్తారంటే అర్థముంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఉద్యోగమూ చెయ్యనిదానికి ఎందుకిస్తారట? ఏం ఊడిందని?"

"మొన్నటిదాకా ఇచ్చేవాళ్ళు కాదు. సొంతంగా బతికేవాళ్ళయితే ముందు వ్యాపారం కట్టేసి అప్పుడు రమ్మనేవాళ్ళు. ఈ వసంతంలో మార్చారు. మంటపాలకి తాళాలు వేయించింది వాళ్ళే కదా మరి."

"తాళాలు వేస్తే ఏం మునిగింది? జనం గెంతడం మానేశారు. నువ్వు ఆ తోలు పెట్టె సాగదీయడం మానేశావు. దాన్ని పని పోవడం అంటారా ఎవరైనా?"

"ఇన్నేళ్ళూ దాని మీదే తిన్నాను."

"తిన్నావులే. దాన్ని తిండి అనుకుంటే."

"నీ తిండి సంగతి చెప్పనా? వాగు పక్క పొలంలో ఈ ఏడు ఏం వేశావు?"

"అది బీడు పెట్టాను. కావాలనే."

"కావాలని బీడు పెట్టినందుకు బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ నుంచి నీకు డబ్బు రావట్లేదూ?"

"అది వేరు. అది భూమి బాగు కోసం... దాన్ని సబ్సిడీ అంటారు."

"ఏమీ పండించనందుకు నీకిస్తే సబ్సిడీ. వాయించనివ్వనందుకు నాకిస్తే ముష్టి. బాగుంది."

"నేలకీ నీకూ పోలికా? నేల మళ్ళీ పండుతుంది. నిన్నెవరు పిలుస్తారు మళ్ళీ? నడి వేసవి పండక్కి కూడా డాన్సులు లేవన్నారు. ఈ వయసులో ఇంక మానుకోరాదూ? ఆస్పత్రిలో గదులు తుడిచేవాళ్ళు కావాలంటున్నారు. మర్యాదైన పని."

"నీ కోడలికి చెప్పకపోయావా? ఖాళీగానే ఉందిగా."

"దాని జోలికి రాకు."

"పోనీలే. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చావా?"

"కాదు. నాన్న సంగతి మాట్లాడదామని."

"నాన్న పోయి వారమైంది. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేశావు. ఇవాళ వచ్చి, నా భృతి దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరిగి తిరిగి నాన్న దగ్గరికి వచ్చావు."

"పనులన్నీ నా నెత్తి మీదే పడితే ఏం చెయ్యమంటావు? శవపెట్టె నేనే, పువ్వులు నేనే, గుంట తవ్వించడం నేనే. నువ్వు చేసిందేమిటి? వృద్ధాశ్రమం కిటికీ కింద నిలబడి టాంగో డాన్సు పాటలు వాయించావట. నర్సు చెప్పి నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వినట్టే చెప్పింది."

"లోపలికి ఎవర్నీ రానివ్వట్లేదు. అందుకే కింద నిలబడ్డాను. కిటికీ కాస్త తెరిచి పెట్టారు. నాన్న వేళ్ళు దుప్పటి మీద ఆడాయని ఆ నర్సే నాకు చెప్పింది. నువ్వెన్నిసార్లు వెళ్ళావు?"

"విత్తనాల పని కదా."

"ఎక్కడ, బీడులోనా?"

"టెల్లెర్వో."

"సరే, చెప్పు. శనివారం అంత్యక్రియలు ఎన్నింటికి?"

"పన్నెండింటికి. అదే... అదే చెబుదామని వచ్చాను. పదిమందికి మించి గుమిగూడకూడదన్నారు కదా."

"తెలుసు."

"పదిమందే. పదకొండో మనిషి వస్తే ఊరుకోనని పాస్టర్ గట్టిగా చెప్పాడు."

"చెప్తాడు మరి."

"అందుకని కూర్చుని లెక్క వేశాం. నేనూ, మీ వదినా, అబ్బాయిలిద్దరూ, కోడళ్ళూ..."

"ఆరుగురు."

"నాన్నతో వేటకెళ్ళేవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళని కాదనలేం."

"అనలేం. తర్వాత?"

"బ్యాంకు మేనేజరు."

"ఎవరూ?"

"మేనేజరు. నాన్నంటే ఆయనకి గౌరవం."

"నాన్న చచ్చేదాకా డబ్బు డబ్బాలో దాచుకున్నాడు. బ్యాంకు గుమ్మం ఎక్కలేదు. నీకు ట్రాక్టరు అప్పిచ్చినాయన అని చెప్పరాదూ."

"ఆ చివరి చోటు పురపాలక సంఘం అధ్యక్షుడిది. ఆయనంతట ఆయనే వస్తానన్నాడు. ఎలా వద్దంటాను?"

"దాంతో పది నిండాయి."

"నిండాయి. ఫోన్లో చెప్తే బాగుండదని నేనే వచ్చాను."

"పెద్ద మనసు."

"చిన్నవాడు వీడియో తీసి పంపిస్తాడు. ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఎలాగూ తీరిగ్గానే ఉన్నావు."

"కూతురి చోటు బ్యాంకాయనకి ఇచ్చావు."

"ఉన్నమాట చెప్పనా? నువ్వు భృతి మీద పడ్డావని ఊరు ఊరంతా అనుకుంటోంది. అధ్యక్షుడి పక్కన వచ్చి నిలబడితే నాన్నకి ఏం మర్యాదగా ఉంటుంది?"

"నాన్నకా, నీకా?"

"అర్థం చేసుకుంటావనుకున్నాను."

"నువ్వు గేటు తీస్తున్నప్పుడే అర్థమైంది. ఎంతదాకా వెళ్తావో చూద్దామని ఊరుకున్నాను."

"గొడవ చేస్తావనుకున్నాను. చెయ్యలేదు, సంతోషం. ఇక వెళ్తాను."

"పాస్టర్ నీకు చెప్పలేదా?"

"ఏమని?"

"చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దాయనకి డెబ్బై దాటాయి. ఆ వయసువాళ్ళని ఇల్లు కదలొద్దన్నారు కదా. శనివారానికి మనిషి లేక నిన్న నాకు ఫోన్ చేశాడు. ఊరికే కాదు, జీతానికి."

"నీకు ఆర్గన్ ఎక్కడ వచ్చు?"

"డాన్సులకి వెళ్ళకముందు దాని మీదే నేర్చుకున్నాను. నాన్నకి తెలుసు. నువ్వెప్పుడూ అడగలేదు."

"అయితే పదకొండు మంది అవుతారు. కుదరదు."

"పని మీద వచ్చినవాళ్ళని ఆ పదిమందిలో కలపరట. అడిగే ఒప్పుకున్నాను."

"పని చేస్తే నీ భృతి కోసేస్తారు. అది ఆలోచించావా?"

"శనివారం పని ఉందని ఆఫీసుకి పొద్దున్నే తెలియజేశాను. ఆ మేరకు కోసుకోనీ."

"ఆగు, టెల్లెర్వో. అంతమంది పెద్దవాళ్ళ ముందు నువ్వు పైన ఆర్గన్ దగ్గర కూర్చుని... ఉండు, నేను పాస్టర్‌తో మాట్లాడతాను."

"మాట్లాడు. నేను వాయించడం మొదలుపెట్టేదాకా నాన్న పెట్టెని ఎవరూ ఎత్తరని కూడా ఆయనే చెప్తాడు. అప్పటిదాకా నీ బ్యాంకాయన్నీ, అధ్యక్షుణ్ణీ నిలబడి ఉండమను."