పదింటికి వచ్చే మనిషి

అమెరికాలో పియోరియా అనే ఊళ్ళో ఒక వంటగది. పొద్దున్న పదికి పావుగంట తక్కువ. ఇల్లు వెర్నన్‌ది. ఇరవై ఆరేళ్ళ కిందట అతనికి ఆ ఇల్లు కొనిపెట్టిన ఇళ్ళ ఏజెంటు డార్లీన్ వచ్చి కుర్చీ లాక్కుని కూచుంది.

"కాఫీ ఇవ్వవా వెర్నన్? వచ్చి ఐదు నిమిషాలయింది."

"ఇస్తా, ఇస్తా. కాకపోతే పదింటికి నాకు... ప్లంబరొస్తున్నాడు."

"రానీ. నేనేం అతని పైపులకి అడ్డమా? మీ ఆవిడ లోర్నా మోకాలెలా ఉంది?"

"అలాగే ఉంది. మెట్లెక్కలేకపోతోంది. రెండు నెలలుగా హాల్లో సోఫా మీదే పడక. ఇవాళ వాళ్ళ చెల్లెలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది."

"మెట్లు లేని అపార్టుమెంటేదో చూశారటగా."

"ఎవరు చెప్పారు?"

"ఊళ్ళో ఎవరే ఇల్లు చూసినా నాకు తెలీకపోతే ఇన్నేళ్ళూ నేను చేసిన పనేంటి? శుక్రవారం దాకా మీకోసం ఆపి ఉంచుతారట."

"ఆ. శుక్రవారం దాకా."

"మరి ఈ ఇల్లమ్మకుండా అదెలా కొంటావు?"

"చూద్దాం. కాఫీ తాగెయ్, చల్లారిపోతుంది."

"నువ్వింకా పొయ్యనేలేదు."

"అవును కదూ. ఇదిగో, పోస్తున్నా."

"గోడ మీద నా క్యాలెండరేదీ? ఏటా డిసెంబర్లో నా ఫొటో అచ్చేయించి పంపిస్తుంటే అక్కడే తగిలించేవాడివి. ఉత్త మేకుంది."

"పడిపోయింది."

"ఎక్కడ పడింది, సొరుగులోనా?"

"డార్లీన్... నీ మొహం నావైపే చూస్తుంటే చెయ్యలేకపోయాను."

"ఏం చెయ్యలేకపోయావు?"

"ఇల్లు ఇంటర్నెట్లో అమ్మేశా. ఏదో వెబ్‌సైటు. గడప తొక్కకుండానే ధర చెప్పింది, గురువారానికల్లా డబ్బిస్తానంది. పదింటికొచ్చేది ప్లంబరు కాదు. వాళ్ళ తరఫున ఇల్లు చూసి సంతకం పెట్టడానికి ఎవరో వస్తారు. అందుకే నిన్ను..."

"అందుకే నన్ను సాగనంపుతున్నావు."

"నీచేత అమ్మిస్తే మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ లోర్నా సోఫా మీదేనా?"

"నేనేం తప్పుపట్టట్లేదు. వాళ్ళ ఫారంలో ఏం రాశావు?"

"అన్నీ రాశా. పైకప్పు, కిటికీలు, హీటరు..."

"బేస్‌మెంటు?"

"బేస్‌మెంటంటే... ఆ కింది గదిలో సామాన్లున్నాయి."

"వెర్నన్, బేస్‌మెంటు గురించి ఏం రాశావు?"

"నీళ్ళెప్పుడైనా వచ్చాయా అని అడిగింది. లేదు అని నొక్కా. ఏదో ఒకటి నొక్కందే తర్వాతి పేజీ రానివ్వలేదు."

"ఒక ఏడు మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నువ్వూ నేనూ రెండ్రోజులు బకెట్లతో తోడాం. మరుసటేడు మళ్ళీ తోడాం."

"అది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. గోడకి రంగేశా. వచ్చేవాడు ముక్కూ మొహం తెలీనివాడు, వాడితో లేదని చెప్పగలను. నువ్విక్కడ కూచుంటే చెప్పలేను. బతిమాలుకుంటున్నా, వెళ్ళు."

"ఇప్పుడైనా దిద్దుకోవచ్చు. ఫోను తీసి అవును అని నొక్కు. ధర కాస్త తగ్గిస్తారు, అంతే."

"తగ్గితే అపార్టుమెంటు చేజారిపోతుంది."

"కొనేవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళింట్లోనూ పిల్లలుంటారు. ఆ నీళ్ళలో వాళ్ళ బొమ్మలు తేలతాయి."

"నాకు తెలీదా? రాత్రిళ్ళు నిద్రపట్టట్లేదు. అయినా లోర్నాని అలా చూడలేను."

"అయితే దిద్దవు."

"దిద్దను. ఇంక రెండు నిమిషాలే ఉంది. లే తల్లీ, వెనక గుమ్మంలోంచి వెళ్ళు."

"పోయినేడాది మొత్తం మీద నాచేత ఇల్లమ్మించుకున్నది ఒక్కరే, వెర్నన్. అందరూ ఫోన్లోనే అమ్ముకుంటున్నారు."

"ఇప్పుడా ఆ సంగతి?"

"ఇప్పుడే. నేనూ బతకాలిగా. మార్చి నుంచి ఆ వెబ్‌సైటు వాళ్ళకి ఈ ఊళ్ళో ఇళ్ళు చూసి సంతకం పెట్టేది నేనే. నీ ఫారం చూసే పావుగంట ముందొచ్చా, నువ్వే దిద్దుకుంటావని. పదయింది. పద, బేస్‌మెంట్లో లైటు వెయ్యి."