వీరేశం బార్ల పొగ బంద్

నార్సింగిలో వీరేశం బార్ అండ్ రెస్టారెంట్ ఇంకా తెరవలేదు. మెట్ల మీద నాలుగింటి టీ నడుస్తోంది. ఓనరు వీరేశం చెబుతుంటే, పక్క ఆఫీసు దినేశ్, వంట చేసే సుగుణ వింటున్నారు.

"పొగ తాగొద్దన్న బోర్డు అన్ని బార్లల్ల ఉంటది దినేశూ, దాని మాట జనం వినేటట్టు జేసినోణ్ణి నేనొక్కణ్ణే. నిరుడు ఒక్కటే మాటన్న, మందు లోపట, సిగరెట్ బయట అని. వీని దుకాణం మునిగిందన్నరు అందరు. మొదటి దినమే పది మంది ఎక్కువొచ్చిన్రు. ఎందుకో ఎరుకేనా? పొగ పోయేసరికి సుగుణమ్మ బిర్యానీ వాసన బయటపడ్డది!"

"పది మందేనా కాకా?"

"జర ఆగు, చెప్పనీ. మూడో దినానికి లైను కోకాపేట దాకా పోయింది. ఆ టవర్లల్ల జనం ఏసీలు బంద్ జేసి, కిటికీకొకడు ప్లేటు పట్టుకొని నిలబడ్డరు. రింగురోడ్డు మీద కార్లు వాటంతటవే ఇటు మళ్లినయ్, తోలెటోళ్లు స్టీరింగు అటు తిప్పుతనే ఉన్నరు, కార్లు వింటలేవు. ఇగ ఆ తర్వాత ఏమైందో తెలుసా? శంషాబాద్‌ల దిగాల్సిన విమానం మన మీద మూడు చక్కర్లు కొట్టింది. పైలట్ తల బయటపెట్టి, రెండు మటన్ పార్సెల్ అని ఒకటే కేకలు..."

"విమానం కిటికీ తెరిచా?"

"ఆకలైతే తెరవడా మరి?"

దినేశ్ నవ్వుతూ టీ ఒలకబోసుకున్నాడు. సుగుణ నవ్వలేదు.

"విమానం నేను చూళ్లేదండి," అంది. "ఆ నెలంతా సగం టేబుళ్లు ఖాళీగా ఉండటం చూశాను. రోజూ వచ్చే గుంపంతా ఎదురు బారుకి పోయింది. అంతకుముందు హాల్లో పొగంతా వంటింట్లోకే వచ్చేదండి. ఓ రోజు దగ్గి దగ్గి పొయ్యి దగ్గరే కూలబడ్డాను. పొగలో ఉండొద్దన్నారు డాక్టరుగారు. పని మానేస్తానని చెప్పడానికొస్తే, ఈయన టేబుల్ టేబుల్‌కీ తిరిగి యాష్‌ట్రేలన్నీ బకెట్లో వేసేశారు. ఇప్పుడిప్పుడే ఆదివారాలు పిల్లలతో కుటుంబాలు వస్తున్నాయి."

దినేశ్ వీరేశం వైపు తిరిగాడు. "నిజమేనా కాకా? మరి ఈ లైన్లు, విమానాలు ఎందుకు?"

వీరేశం ఖాళీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"మరేమనాలె?" అన్నాడు గొంతు తగ్గించి. "సుగుణమ్మ దగ్గుతోని గిరాకీ పోయిందని నలుగురిల చెప్పాలెనా? ఆమె ముంగట?"