ప్యాషన్ ఉంది సార్

మీతోని ఒక పంచాయితీ ఉన్నది అయ్యగారూ. ఇంకోసారి చర్చి పిలగాండ్లకు గసొంటి సలహాలు ఇయ్యకుండ్రి. ‘జోయెలూ, ఇంటర్వ్యూల మ్యూజిక్ నా ప్యాషన్ అని చెప్పు, దేవుడిచ్చిన వరం దాసుకోవద్దు’ అని అన్నరా లేదా? నేను విన్న. విన్నంక ఏమైందో మీరు జర ఇనుండ్రి. చాయ్ వద్దని అమ్మగారికి చెప్పుండ్రి, తాగే వచ్చిన.

మొదటిది హన్మకొండల ఫైనాన్స్ ఆఫీసు. పద్మలత మేడం అని మేనేజరు. ‘నీ గురించి చెప్పు’ అన్నది. బీకాం చెప్పిన, కంప్యూటర్ కోర్సు చెప్పిన. ఆఖర్ల మీరు యాదికొచ్చిన్రు. ‘సంగీతం అంటె నాకు ప్రాణం మేడం, చర్చిల డోలక్ వాయిస్త’ అన్న. ప్యాషన్ అనే మాట నోటికి రాలే అప్పుడు, తెలుగుల్నే చెప్పిన.

ఆమె మొఖం ఎంత ఎలిగిందనుకున్నరు? ‘ఏదీ, కొంచెం వాయించు’ అన్నది. ఆఫీసుల డోలక్ ఏడుంటది? టేబుల్ మీదనే అందుకున్న. అటెన్క అందరు వచ్చి తలుపు కాడ నిలవడ్డరు. ఒకాయన ఫోన్ తీసి వీడియో పట్టిండు. లోను కోసం వచ్చిన ముసలాయన గూడ తల ఊపుతాండు. ఇగ నౌకరీ వచ్చినట్టే అనుకున్న.

అప్పుడు అడిగింది మేడం, ‘పెండ్లిళ్లకు గూడ పోతవా?’ అని. పోత మేడం అన్న. మీ ముంగట పెరిగినోన్ని, అబద్ధం ఎట్ల ఆడుత? ‘మరి ముహూర్తాలున్నప్పుడు లీవులు పెడ్తవు గద’ అన్నది. పెట్ట అన్న. ‘పెడ్తవులే’ అని నవ్వింది. అంతే, అయిపాయె. చప్పట్లు కొట్టి పంపిన్రు.

నవ్వుండ్రి, నవ్వుండ్రి. మా బాపు గూడ నవ్విండు. నవ్వినంక అన్నం తినుకుంట నా దిక్కు సూడలే. ఆయన సంగతి మీకు ఎరుకే గద. నడుము పట్టినకాంచి పెయింటింగ్ పనికి పోతలేడు. అమ్మ ఒక్కతే దవాఖానల ఊడ్చి ఇల్లు ఎళ్లదీస్తాంది. డిగ్రీ పాసైన కొడుకు ఇంట్ల కూసోని గిన్నెల మీద తాళం ఏస్తాంటె ఆళ్లకు ఎట్లుంటది చెప్పుండ్రి.

రెండోది మొన్న. ఎనుమాముల మార్కెట్ అవతల విత్తనాల కంపెనీ. మిర్చి గింజలు, పత్తి గింజల గురించి ఊరూరు తిరిగి రైతులకు చెప్పాలె. ఓనరు రాజేశ్వర్ రావు సారు. ‘డోలక్ మాట ఎత్తితె నా మీద ఒట్టు’ అని అమ్మ పొద్దుగాల్నే అన్నది. సరే అన్న. కానీ ఆ సారు ముంగట కూసున్నంక నాలిక ఊకుంటదా? డోలక్ అంటె గద ఒట్టు, ఇంగ్లీషుల చెప్తె ఏమైతదని మీ మాటనే అందుకున్న. ‘నాకు ప్యాషన్ ఉంది సార్’ అన్న.

‘మంచిదే. ఏ మోడల్?’ అన్నడు.

నాకు సమజ్ కాలే. మోడల్ ఏంది? ‘చిన్నప్పటి సంది ఉన్నది సార్’ అన్న.

ఆయన కండ్లద్దాలు తీసి నన్ను సూసిండు. ‘గంత పాతదా? మీ బాపుదా? ఇంక మంచిగనే నడుస్తాందా?’

‘మంచిగనే సార్. కానీ రోజు తియ్య. ఆదివారం ఆదివారం చర్చిల.’

‘చర్చికి పోవుడుకేనా? మరి మాకు రోజు తియ్యాలె గద’ అన్నడు.

అప్పుడు బుర్రకెక్కింది అయ్యగారూ. ఆయన అడిగేది బండి. ప్యాషన్ బండి. ములుగు దాక, ఏటూరునాగారం దాక తిరిగే పని, బండి ఉన్నోడే కావాలె ఆయనకు. నేను డోలక్ అంటాన, ఆయన మైలేజ్ అంటాండు. మా బావ బండి అడిగితె ఇస్తడు కాబట్టి బతికిపోయిన. ‘రోజు తీస్త సార్’ అన్న. సంగీతం సంగతి అట్లనే మింగిన.

నౌకరీ వచ్చింది. అవు, వచ్చింది. అమ్మ గల్లీల అందరికి లడ్డూలు పంచుతాంది, ఈ డబ్బ మీ ఇంటికే. సంతోషమే, కాదంటలేను. బాపు రాత్రి నా పక్కకొచ్చి కూసోని తిన్నడు.

ప్రార్థన చేస్త అంటరా? జర ఆగుండ్రి. ఇంకొక ముచ్చట ఉన్నది, దాని కోసమే వచ్చిన.

ఇంటర్వ్యూ అయినంక లేవబోతాంటె ఆ సారే అన్నడు, ‘నువ్వు చర్చికి పోతవు గద బాబూ, ఆదివారం నీకు సెలవు, ఫికర్ చెయ్యకు’ అని. మంచి మనిషి. నేను ‘థాంక్యూ సార్’ అని రావాలె గద? ఆ మేడం నవ్విన నవ్వు చెవులల్ల ఉండె. ఎక్కడ మల్ల ఇడిసిపెడ్తడో అని, ‘అక్కర్లేదు సార్, ఆదివారం గూడ వస్త, నాకు వేరే పనేం లేదు’ అన్న.

ఆయన అడగలే అయ్యగారూ. నేనే అన్న. ‘గట్లయితె మరీ మంచిది, పరకాల రైతులతోని మీటింగులు ఆదివారమే పెట్టుకుందం’ అని చెయ్యి కలిపిండు.

ఈ వారం కాంచి డోలక్‌కు ఎవలినన్న సూసుకోండ్రి. రాజమౌళి కొడుకు నేర్చుకుంటాండు, వాడు ఆరాధన పాటలు పట్టుకుంటడు. ఏమనుకోకుండ్రి, నన్ను తిట్టినా మంచిదే. ప్రాణం అని చెప్పుకున్న గద నేను? ఆ మాట అనేటప్పుడు ఏం నొయ్యలే. ఇప్పుడు మీ ముంగట కూసున్నంక నొస్తాంది.