బ్యాటరీ బాగున్న పాపానికి

(ఫిర్యాదుల సెక్షన్‌లో కిటికీ పక్క బల్ల. అక్కడ పనిచేసే ఆవిడ, ఆఫీసు స్టోర్సు నుంచి వచ్చినాయన.)

“రా అన్నయ్యా, రా. నాలుగో అర్జీకి గానీ దర్శనమివ్వలేదు. స్టోర్సు నుంచి మా అంతస్తుకి మెట్లు తీసేశారేమో అనుకున్నా.”

“అది కాదు చెల్లెమ్మా... ముందు ల్యాప్‌టాప్ తియ్యి. బ్యాటరీ చూడాలి.”

“తీశా. అది తెరుచుకునేలోగా టీ తాగొచ్చెయ్. ఒక్క ఫిర్యాదుకి నేను జవాబు కొట్టేసరికి ఆ మనిషి ఇంకో రెండు పంపుతున్నాడు. పక్కసీటమ్మాయి రోజుకి అరవై తేలుస్తోంది, నేను ఇరవై. ఈ నెలా ఇంతేనైతే సీటు ఉండదన్నాడు మేనేజరు, నలుగురి ముందు.”

“విన్నాను.”

“విన్నావు కదా! మరి కొత్తది ఎప్పుడిస్తావు? నాకు నిజంగా భయంగా ఉంది అన్నయ్యా.”

“నా చేతుల్లో ఏముంది? బ్యాటరీ సత్తా అరవై శాతం లోపు పడితేనే ల్యాప్‌టాప్ మార్చాలని రూలు. నీది... ఆగు... తొంభై ఒకటి.”

“ఇంకానా! దీని దుంప తెగ!”

“ఏడేళ్ల మిషను. రెండేళ్లవాటికే ఇంత లేదు. ఎలా చూసుకున్నావో గానీ...”

“కన్నపిల్లల్ని కూడా ఇలా సాకలేదు. చార్జింగు ఇరవైకి పడనివ్వలా, ఎనభై దాటనివ్వలా. ఎండ తగలకుండా కిటికీకి తెర కుట్టించా. పక్కసీటమ్మాయి? రాత్రీ పగలూ చార్జరు గుచ్చే ఉంచింది. బ్యాటరీ ఉబ్బి మూత లేచిపోయింది, దర్జాగా కొత్తది కొట్టేసింది. మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అన్నారా!”

“నువ్వూ అలాగే పాడుచెయ్యమన్నాను కదా పోయిన నెల.”

“చేశా. అంటే... చేద్దామనుకున్నా.”

“అనుకున్నావా?”

“రాత్రంతా చార్జింగులో వదిలేద్దామని బయల్దేరా. బస్టాపు దాకా పోయి, వెనక్కొచ్చి పీకేశా. నవ్వకు! చెయ్యి ఊరుకోదు.”

“నవ్వట్లేదు.”

“అదే, ఎందుకు నవ్వట్లేదు? వేరే రోజైతే ఆఫీసంతా టముకు వేసేవాడివి.”

“చార్జరు ఎక్కడుంది?”

“ఇదిగో. ఎందుకు?”

“సంచి?”

“సంచీ కూడానా? ఆగాగు... నీ అసాధ్యం కూలా! కొత్తది తెచ్చి, గుమ్మం అవతల పెట్టి నన్ను ఏడిపిస్తున్నావు కదూ?”

“పాస్‌వర్డు కాగితం మీద రాసివ్వు చెల్లెమ్మా.”

“రాస్తా, రాస్తా. నా ఫైళ్లు కొత్తదాంట్లోకి నువ్వే ఎక్కిస్తావా?”

“ఎక్కించక్కర్లేదు.”

“అదేంటి?”

“నీ నాలుగు అర్జీలూ మేనేజరు దగ్గరికి పంపాను. పక్కన బ్యాటరీ అంకె వెయ్యాలి కదా, పోయిన నెల నువ్వు చెప్పిందే వేశాను.”

“అయితే? ఏమన్నాడు? చెప్పు, ఏమన్నాడు?”

“‘మిషను తొంభై ఒక్క శాతం బాగుంది, లోపం దాని ముందు కూర్చున్న మనిషిదే’ అని రాశాడు. రేపు పదింటికి నీ సీట్లోకి కొత్తమ్మాయి వస్తోంది. మిషను మాత్రం ఇదే ఇమ్మన్నాడు.”