పేరు రాయని చీటీ

"ఆ చీటీ పక్కన పెట్టు సత్యవాణీ. తర్వాతది చదువు."

"పక్కన పెట్టమంటే ఎలాగండీ అమ్మగారూ? ఇదీ ప్రార్థన పెట్టెలోదే కదా."

క్రిస్మసు నెలలో రావులపాలెం పాస్టరుగారి ఇంటికి తలుపు వేసే వీలుండదు, ఆ ఇల్లాలు ప్రిస్కిల్లాకి కూర్చునే వీలుండదు. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఇంకా గంట ఉంది. ఈలోగా పెట్టెలో పడ్డ మనవులన్నీ పుస్తకంలోకి ఎక్కించాలి. రాసేది ఆవిడ. చదివి పెట్టేది మూడు వారాలుగా సాయానికొస్తున్న సత్యవాణి.

"పేరు లేదుగా దాని మీద. పేరు లేకుండా ఎవరికోసమని ప్రార్థన చేస్తాం?"

"దేవుడికి పేరు తెలీదాండి? మా చంటిది ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ మాట మీరే చెప్పారు నాకు. రెండు రాత్రులు నా పక్కన కూర్చుని."

"చెప్పుంటాను. తర్వాతది చదువు."

"త్రిమూర్తులు గారికి మోకాళ్ళ నొప్పులు. అశ్వినికి డిగ్రీ పరీక్షలు. పల్లంరాజు గారి గేదె..."

"ఉండు, ఫోను. ఆ, వందనాలండి. సెమీ క్రిస్మస్సు విందు రేపేనండి. మూడొందల మందికి బిర్యానీ, చెప్పేశానండి. పిల్లల నాటకానికి దేవదూతల రెక్కలా? కుడుతున్నానండి, నాలుగు జతలయ్యాయి. అలాగేనండి, వస్తానండి. ఉంటాను. ఆ, గేదెకి ఏమైందన్నావు?"

"మీరు ఏమన్నా తిన్నారా అమ్మగారూ?"

"ఉపవాసం కదే ఇవాళ."

"నిన్న?"

"నిన్న... నిన్న తీరిక లేదు. గేదెకి ఏమైంది?"

"గేదె బానే ఉంటుందండి. ఈ చీటీ ఇంకోసారి చదువుతాను."

"వద్దన్నానా."

"'శుక్రవారం మళ్ళీ వెళ్తాను. ఈసారి ఆటో ఎక్కను, నడిచే వెళ్తాను. నా కోసం ఎవరైనా ఒక్కసారి ప్రార్థన చేయండి.' ఇవాళ శుక్రవారమేనండి."

"ఎవరో పిల్లలు ఆటలకి రాసుంటారు. చింపెయ్యి."

"పోయిన రెండు వారాలూ ఇలాగే చింపెయ్యమన్నారు. నేను చింపలేదండి. నా బైబిల్లో పెట్టుకున్నాను. మొదటిది ఇదిగో. 'జొన్నాడ ఏటి వంతెన మధ్యలో ఆటో ఆపమన్నాను. ఆటో అతను వినిపించుకోలేదు. వెనక్కి తిప్పి తెచ్చి ఇంటి దగ్గర దింపేశాడు.' రెండోది, 'ఇంటినిండా మనుషులే. నాకు మాత్రం ఊపిరాడట్లేదు. శాంతి కావాలి.'"

"ఎందుకు దాచావు అవన్నీ?"

"చింపడానికి చెయ్యి రాలేదండి."

"సరే. పుస్తకం మూసెయ్యి. ఇవాళ ప్రార్థన మన సంఘం పెద్దావిడ చిన్నమ్మాయి గారు నడిపిస్తారు. నేను జొన్నాడ వెళ్ళాలి. సూరమ్మకి జ్వరంట, చూసొస్తాను."

"ఎలా వెళ్తారు?"

"నడిచి."

"వంతెన మీంచా?"

"వంతెన మీంచి కాకపోతే జొన్నాడకి ఇంకెలా వెళ్తారే? ఎండ కూడా లేదు."

"మా ఆయన నన్ను ఆటోలో దింపి బయటే కూర్చున్నాడండి. తీసుకెళ్తాడు."

"వద్దు."

"పోనీ నేనూ వస్తాను."

"వద్దన్నాను కదా సత్యవాణీ. ఒక్కసారి, ఒక్కదాన్ని వెళ్ళనివ్వరా నన్ను?"

"సూరమ్మ గారు సోమవారమే సామర్లకోటలో కూతురింటికి వెళ్ళారండి."

"అయితే... అయితే ఇంకో సూరమ్మ. గుమ్మానికి అడ్డం లే."

"చీటీ వెనక్కి తిప్పి చూడండి. వాక్యం అచ్చేసుంది. రోజుకో కాగితం చింపే క్యాలెండరుది. మొన్న మంగళవారం కాగితం."

"అలాంటివి ఊళ్ళో వందిళ్ళలో ఉంటాయి."

"ఉంటాయండి. నూనె మరక మాత్రం మీ పొయ్యి పక్కన వేలాడే దానికే ఉంది."

"తలుపెందుకు వేశావు? తియ్యి."

"తియ్యనండి. కోప్పడినా తియ్యను. అయ్యగారికి తెలుసా?"

"ఆయనకి ఇవాళ నాలుగూళ్ళలో ప్రసంగం. దేనిమీదో తెలుసా? ప్రభువిచ్చే శాంతి సమాధానాల మీద. ఆ ప్రసంగం నేనే సాఫు రాసిచ్చాను."

"మరి చదివే దగ్గర మీరే ఉంటూ పెట్టెలో ఎందుకు వేశారండి?"

"ఎవరైనా నా కోసం మోకరిస్తారేమోనని. తీరా చదివే వేళకి సిగ్గేసేది. పాస్టరు భార్యకే శాంతి లేదంటే ఇంక జనానికి ఏం చెప్తాం? పదిహేనేళ్ళుగా రాస్తున్నాను ఈ పుస్తకం. గేదెల కోసం కూడా రాశాను. నా పేరు ఒక్క పేజీలో లేదు. ప్రార్థనల్లో కూడా అమ్మగారి పరిచర్యని దీవించు అంటారు. అమ్మగారు. రేపు నా స్థానంలో ఇంకొకావిడ వచ్చి ఈ పొయ్యి ముందు నిలబడితే ఆవిడా అమ్మగారే. నాకో పేరుందని దేవుడికైనా గుర్తుందో లేదో."

"ఏడవండి. ఫరవాలేదు, ఏడవండి."

"ఫోను మోగుతోంది."

"మోగనివ్వండి."

"బిర్యానీ వాళ్ళేమో."

"మోగనివ్వండి అమ్మగారూ. కూర్చోండి. దేవుడేమీ అనుకోడు, ఈ మజ్జిగ తాగండి. సాయంత్రం రాజమండ్రిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఇలా నిద్రపట్టనివాళ్ళని, మనసు బాగోనివాళ్ళని ఆవిడ చూస్తారు. సోమవారమే అడిగి ఉంచాను."

"సోమవారమా? ఈ చీటీ నువ్వు పెట్టెలోంచి తీసింది ఇప్పుడే కదే."

"అవునండి."

"నా చీటీ అని ఇప్పుడే కదా తెలిసింది నీకు. సోమవారానికి ఎలా తెలుసు?"

"నేనొచ్చింది చీటీలు చదవడానికి కాదండి. చదువొచ్చినవాళ్ళు సంఘంలో చాలామంది ఉన్నారు."

"మరి?"

"ఆరోజు వంతెన మీద ఆటో ఆపనిది మా ఆయనేనండి. చలికి మంకీ టోపీ పెట్టుకున్నాడు, పైగా చర్చికి రాడు, మీరు పోల్చుకోలేదు. మిమ్మల్ని ఈ గుమ్మంలో దింపి ఇంటికొచ్చి, 'మన చంటిదాని పక్కన కూర్చున్న ఆవిడే, రేపట్నించి నువ్వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో' అన్నాడు."

"మీ ఆయన లోవరాజా? ఎవరితో... ఎవరితో అన్నాడు ఈ సంగతి?"

"ఊళ్ళో ఎవరితోనూ అనలేదండి. దేవుడితోనే. చర్చి గడప తొక్కని మనిషి, మూడు వారాలుగా అన్నం కంచం ముందు కళ్ళు మూసుకుంటున్నాడు మీ కోసం."

"ఏమంటాడు? అమ్మగారిని కాపాడమనా?"

"అమ్మగారు అనడండి. ప్రిస్కిల్లా అనే అంటాడు."